వెర్షన్ మార్చాక ‘లైబ్రరీ దొరకలేదు’ అని వస్తే ఏం చేయాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీలో పై గదిలో ఉండే అనంతపురం అబ్బాయి ఒక గురువారం రాత్రి పదిన్నరకి లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. “అన్నా, పొద్దున దాకా బాగానే పనిచేసింది. మధ్యాహ్నం ఉబుంటు 22.04 నుంచి 24.04కి మార్చాను, అంతే. ఇప్పుడు సిమ్యులేటర్ క్లిక్ చేస్తే ఏమీ రావట్లేదు. రేపు పదకొండింటికి ప్రాజెక్ట్ చూపించాలన్నా” అన్నాడు. మొహం నిండా టెన్షన్. అప్పటికే బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిచి, ఒక్కో చోట దొరికిన ఒక్కో కమాండ్ వరసగా కొట్టేశాడు.

సమస్య తేలడానికి రెండు గంటలు పట్టింది. అందులో గంటన్నర అతను అప్పటికే కొట్టిన కమాండ్లను వెనక్కి తీయడానికే పోయింది. అసలు జబ్బుకి అరగంట చాలు. ఇక్కడ చదువుకోవడానికో ఉద్యోగానికో వచ్చిన మన పిల్లల్లో చాలామందికి ఉన్నది ఒకే లాప్‌టాప్. అది ఆగితే కోర్సు ఆగుతుంది, ఇంటర్వ్యూ ఆగుతుంది. అందుకే ఆ అరగంట పని వివరంగా రాస్తున్నాను. ఉబుంటు అంటే విండోస్‌లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్. లైబ్రరీ అంటే చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే కోడ్ ఉన్న ఫైల్.

కమాండ్లను నోటితో పలికినట్టే రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట ఆ మాట చెబుతాను.

ముందు అప్‌గ్రేడ్ పూర్తయిందో లేదో చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. వానాకాలం సాయంత్రం కరెంటు పోయి వైఫై ఆగిపోవడం, మొబైల్ హాట్‌స్పాట్ డేటా మధ్యలో అయిపోవడం మనకు మామూలే. అలా మధ్యలో ఆగిన అప్‌గ్రేడ్‌లో కొన్ని ప్యాకేజీలు (ప్రోగ్రామ్‌నో లైబ్రరీనో కట్టి ఇచ్చే మూటలు) కొత్తవి, కొన్ని పాతవి, కొన్ని సగం విప్పినవి ఉంటాయి. అప్పుడు లైబ్రరీ దొరకకపోవడంలో వింతేమీ లేదు.

టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి ‘సుడో డీపీకేజీ’ (‘సుడో’ అంటే అడ్మిన్ హక్కులతో నడపమని; ఎస్, యూ, డీ, ఓ అక్షరాలు) తర్వాత ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు కలిపి ‘కాన్ఫిగర్’, మళ్లీ ఖాళీ, ఒక అడ్డగీతతో ‘ఎ’ కొట్టండి. సగంలో ఆగిన ప్యాకేజీలన్నిటినీ అది పూర్తి చేస్తుంది. ఆ తర్వాత ‘సుడో ఆప్ట్’ (‘ఆప్ట్’ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పనిముట్టు; ఏ, పీ, టీ అక్షరాలు), రెండు అడ్డగీతలతో ‘ఫిక్స్ బ్రోకెన్’ (రెండు మాటల మధ్య కూడా ఒక అడ్డగీత), ఆపైన ‘ఇన్‌స్టాల్’. అది ఏవైనా తీసేస్తానంటే ఆ జాబితా పూర్తిగా చదవకుండా ‘వై’ నొక్కకండి. జాబితాలో మీ డెస్క్‌టాప్ పేరు కనిపిస్తే అక్కడే ఆగండి. చివరగా ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’ చేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. నేను చూసిన కేసుల్లో కొన్ని ఇక్కడితోనే తేలిపోయాయి.

మెసేజ్‌ని తెప్పించండి, తర్వాత చదవండి

ఐకాన్ మీద క్లిక్ చేస్తే ప్రోగ్రామ్ నిశ్శబ్దంగా చచ్చిపోతుంది, కారణం చెప్పదు. అదే ప్రోగ్రామ్‌ని టెర్మినల్ నుంచి పేరు కొట్టి నడిపితే చెబుతుంది. ఏ పేరు కొట్టాలో తెలియకపోతే స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ షేర్ స్లాష్ అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి వెళ్లండి. మీ ప్రోగ్రామ్ పేరుతో ‘డాట్ డెస్క్‌టాప్’ అని ముగిసే ఫైల్ ఉంటుంది. అందులో ‘ఎగ్జెక్’ అనే వరసలో ఉన్నదే అసలు కమాండ్.

ఇప్పుడు వచ్చిన మెసేజ్‌ని ఒక ఫైల్‌లో కాపీ చేసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసినా చాలు. మనం కంగారులో ‘ఎర్రర్’ అన్న ఒక్క మాట చూసి మిగతాది వదిలేస్తాం. కానీ కావాల్సిన సమాచారం మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంటుంది.

‘ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్’ అని మొదలై, ఒక ఫైల్ పేరు వచ్చి, ‘కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ అని ఉంటే, ఆ పేరున్న ఫైల్ వెతకాల్సిన చోట్ల దొరకలేదని అర్థం. ఇది అన్నిటికంటే తేలిక రకం.

‘వెర్షన్ జీలిబ్‌సి 2.34 నాట్ ఫౌండ్’ లాంటిది వస్తే ఫైల్ ఉంది, కానీ ప్రోగ్రామ్ అడిగినదానికంటే పాతది. కొత్త సిస్టమ్‌లో తయారుచేసిన ప్రోగ్రామ్‌ని పాత సిస్టమ్ మీదికి తెస్తే ఇది వస్తుంది. జీలిబ్‌సి అంటే దాదాపు అన్ని ప్రోగ్రామ్‌లూ ఆధారపడే మూల లైబ్రరీ, దాన్నే లిబ్‌సి అని కూడా అంటాం. ఉబుంటు 20.04లో ఉండే జీలిబ్‌సి 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. ఈ మూడు అంకెలు తెలిస్తే ఏ ప్రోగ్రామ్ ఏ సిస్టమ్ మీద నడవదో ముందే చెప్పేయొచ్చు.

‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అంటే లైబ్రరీ దొరికింది, తెరుచుకుంది, లోపల ఉండాల్సిన ఫంక్షన్ మాత్రం లేదు. ఎక్కడి నుంచో వేరే కాపీ ముందుగా దొరికిపోయిందని ఇక్కడ అనుమానించాలి.

‘రాంగ్ ఈఎల్ఎఫ్ క్లాస్’ అంటే 32 బిట్, 64 బిట్ కలిసిపోయాయి. ఇంకొకటి బాగా తికమక పెడుతుంది: ఫైల్ కళ్ల ముందే ఉంటుంది, నడిపితే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటుంది. లేనిది మీ ప్రోగ్రామ్ కాదు, దాన్ని నడిపించాల్సిన 32 బిట్ లోడర్. అలాంటప్పుడు ‘సుడో డీపీకేజీ’కి రెండు అడ్డగీతలతో ‘యాడ్ ఆర్కిటెక్చర్’ (మధ్యలో అడ్డగీత) ఐ386 అని చెప్పి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, లిబ్‌సి6 పేరు పక్కన కోలన్ పెట్టి ఐ386 జతచేసి ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు సరిపోతుంది.

పేరు చివర ఉన్న అంకె సంగతి

ఆ రాత్రి మా అబ్బాయి లాప్‌టాప్‌లో మొదట వచ్చిన పేరు లిబ్‌టిన్ఫో డాట్ ఎస్ఓ డాట్ 5. టెర్మినల్‌కి రంగులు వచ్చా, ఏ బటన్ నొక్కితే ఏ సంకేతం వస్తుంది లాంటివి ప్రోగ్రామ్‌కి చెప్పే చిన్న లైబ్రరీ ఇది. 24.04లో లిబ్‌టిన్ఫో ఉంది, కానీ చివరి అంకె 6. ఉబుంటు 22.04 దాకా 5 కూడా ప్యాకేజీగా దొరికేది. 24.04లో అది లేదు.

“అన్నా, 6 ఉందిగా, దానికే 5 అని పేరు పెడితే సరిపోదా?” అని అడిగాడు. అడగడమే కాదు, చేసేశాడు కూడా. 6కి 5 అనే పేరుతో ఒక లింక్ (అసలు ఫైల్‌ని చూపే మారుపేరు) సృష్టించి సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టాడు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికే సలహా ఇదే. దయచేసి ఇది మాత్రం చేయకండి.

ఎస్ఓ తర్వాత వచ్చే ఆ మొదటి అంకె లైబ్రరీ రాసినవాళ్లు ఇచ్చిన మాట. ‘ఈ అంకె మారనంత వరకు లోపలి ఏర్పాటు పాత ప్రోగ్రామ్‌లకు పనికొచ్చేలాగే ఉంటుంది’ అని. అంకె మార్చారంటే లోపల ఏదో మారిందని వాళ్లే చెబుతున్నట్టు. ఒక కంపెనీ కుక్కర్‌కి ఇంకో కంపెనీ గ్యాస్కెట్ పెడితే మూత పడినట్టే ఉంటుంది. పొయ్యి మీద పెట్టాకే పక్కనుంచి ఆవిరి పోతుంది, అన్నం ఉడకదు. లింక్ కూడా అంతే. కొన్నిసార్లు ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది కూడా. మధ్యలో ఎక్కడో కుప్పకూలుతుంది, లేదా అంతకంటే ఘోరంగా, తప్పు ఫలితం చూపిస్తుంది. సిమ్యులేటర్ తప్పు ఫలితం చూపిస్తే ఆ ప్రాజెక్ట్ ఏమవుతుందో ఆలోచించండి.

ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (దాని లైబ్రరీ పేరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్) విషయంలో మోసం వెంటనే బయటపడుతుంది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్ఓ డాట్ 3కి 1.1 అని పేరు పెడితే, ‘వెర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1_1_0 నాట్ ఫౌండ్’ అని నిలదీస్తుంది. లోపలి ఫంక్షన్ల మీద కూడా వెర్షన్ ముద్ర ఉంటుంది, పైన పేరు మార్చినంత మాత్రాన అది మారదు.

ఎవరో పెట్టిన ఇలాంటి లింకులు మీ సిస్టమ్‌లో ఉన్నాయేమోనని అనుమానం ఉంటే, ‘డీపీకేజీ’ తర్వాత అడ్డగీతతో పెద్ద ‘ఎస్’ కొట్టి, ఆ ఫైల్ పూర్తి దారి ఇవ్వండి. ఏ ప్యాకేజీ తెచ్చిందో చెబుతుంది. ఏ ప్యాకేజీకీ చెందదంటే చేత్తో పెట్టిందేమోనని చూడాలి. ఒక్క జాగ్రత్త: స్లాష్ యూఎస్ఆర్‌తో మొదలయ్యే దారికి లేదంటే, ముందున్న యూఎస్ఆర్ తీసేసి ఇంకోసారి అడగండి. రెంటికీ లేదన్నాకే నమ్మండి. ఆ రోజు ‘హిస్టరీ’ అనే కమాండ్ బాగా పనికొచ్చింది. అతను మధ్యాహ్నం నుంచి కొట్టినవన్నీ వరసగా కనిపించాయి. ఒక్కొక్కటి చూసుకుంటూ, పెట్టిన లింకు తీసేశాం.

ఏమేమి తక్కువయ్యాయో ఒకేసారి తెలుసుకోండి

మెసేజ్ ఒకసారికి ఒక్క లైబ్రరీ పేరే చెబుతుంది. అది తెచ్చిపెట్టాక ఇంకొకటి అడుగుతుంది. ఆ తిరుగుడు లేకుండా ‘ఎల్‌డీడీ’ వాడండి. ఆ మూడు అక్షరాలు, ఖాళీ, ప్రోగ్రామ్ ఫైల్ పూర్తి దారి. ప్రోగ్రామ్‌కి కావాల్సిన ప్రతి లైబ్రరీ ఒక్కో వరసలో వస్తుంది. ఎడమ పక్కన పేరు, మధ్యలో బాణం గుర్తు, కుడి పక్కన అది ఏ ఫోల్డర్‌లో దొరికిందో. దొరకనివాటి పక్కన ‘నాట్ ఫౌండ్’ అని ఉంటుంది. మా అబ్బాయి దగ్గర లింకు తీసేశాక రెండు కనిపించాయి: లిబ్‌టిన్ఫో 5, లిబ్‌ఎన్‌కర్సెస్ 5.

‘నాట్ ఎ డైనమిక్ ఎగ్జిక్యూటబుల్’ అని వస్తే కంగారు వద్దు. మీరు చూపించింది అసలు ప్రోగ్రామ్ కాకుండా, దాన్ని పిలిచే చిన్న స్క్రిప్ట్ కావచ్చు. ‘ఫైల్’ అనే కమాండ్‌తో అదేమిటో చూసి, స్క్రిప్ట్ అయితే తెరిచి చదివి, లోపల అది ఎవరిని పిలుస్తోందో కనుక్కోండి. పెద్ద ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్‌లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి.

ఇంకో మాట. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైల్ మీద ఎల్‌డీడీ నడపకండి. కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపించే అవకాశం ఉంది. అలాంటివాటికి ‘ఆబ్జ్‌డంప్’కి అడ్డగీత ‘పి’ పెట్టి చూడండి. ‘నీడెడ్’ అని ఉన్న వరసల్లో కావాల్సిన పేర్లు ఉంటాయి, ప్రోగ్రామ్ నడవదు.

ఎల్‌డీడీలో అన్నీ సరిగ్గా ఉండి కూడా ప్రోగ్రామ్ ఏదో లైబ్రరీ లేదంటే, అది నడుస్తూ మధ్యలో తెచ్చుకునే ప్లగిన్ అయి ఉండొచ్చు. అప్పుడు పెద్ద అక్షరాల్లో ‘ఎల్‌డీ’, కింది గీత, ‘డీబగ్’, సమానం గుర్తు, చిన్న అక్షరాల్లో ‘లిబ్స్’, ఆ వెనక ప్రోగ్రామ్ పేరు కొట్టండి. ఎక్కడెక్కడ వెతికిందో, ఎక్కడ ఆగిందో మొత్తం చెబుతుంది. పేజీలకు పేజీలు వస్తుంది, చివరి పాతిక వరసలు చదివితే సాధారణంగా సంగతి దొరుకుతుంది.

ఉండీ కనిపించడం లేదా? అసలే లేదా?

ఈ రెంటికీ మందు వేరు కాబట్టి ముందు ఏదో తేల్చుకోవాలి. ‘ఎల్‌డీకాన్ఫిగ్’కి అడ్డగీత ‘పి’ పెట్టి, నిలువు గీత వేసి, ‘గ్రెప్’తో లైబ్రరీ పేరు వెతకండి. సిస్టమ్‌కి తెలిసిన జాబితా అది. అందులో లేకపోతే ‘ఫైండ్’తో స్లాష్ ఓపీటీ (ఓ, పీ, టీ అక్షరాలు, పైన చెప్పిన ఆప్ట్ కాదు), స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లోకల్ ఫోల్డర్లు కూడా గాలించండి. మీరు ఎప్పుడో సోర్స్ నుంచి బిల్డ్ చేసుకున్న లైబ్రరీ యూఎస్ఆర్ లోకల్ లిబ్‌లో ఉండిపోయి, జాబితాలోకి ఎక్కకపోయి ఉండొచ్చు. ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’ ఒక్కసారి కొడితే జాబితా కొత్తగా తయారవుతుంది. ఓపీటీ ఫోల్డర్‌లాంటి వేరే చోట ఉంటే, ఆ ఒక్క ప్రోగ్రామ్‌ని నడిపేటప్పుడు మాత్రమే, ముందు ఏ ఫోల్డర్‌లో వెతకాలో చెప్పే ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ ఇవ్వండి. అవి పెద్ద అక్షరాలు, మాటల మధ్య కింది గీతలు.

‘మాత్రమే’ అని ఎందుకంటున్నానంటే, చాలామంది ఆ వరసని హోమ్ ఫోల్డర్‌లోని డాట్ బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే ఫైల్) శాశ్వతంగా రాసేస్తారు. అప్పటి నుంచి ఆ టెర్మినల్‌లో తెరిచే ప్రతి ప్రోగ్రామ్ ముందు ఆ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. సిస్టమ్ కొత్తదవుతుంది, ఆ ఫోల్డర్‌లోని లైబ్రరీలు పాతవిగానే ఉండిపోతాయి. అప్‌గ్రేడ్ అయ్యాక సంబంధం లేని ప్రోగ్రామ్‌లు ‘జీలిబ్‌సీఎక్స్ఎక్స్ 3.4.30 నాట్ ఫౌండ్’ అంటుంటే, ముందు బ్యాష్‌ఆర్‌సీ తెరిచి చూడండి. అనకొండ (పైథాన్‌ని, దాని ప్యాకేజీలని కలిపి ఇచ్చే కట్ట) వాడేవాళ్లకి ఇది బాగా ఎదురవుతుంది. సిస్టమ్‌లో కొత్త సి ప్లస్ ప్లస్ లైబ్రరీ ఉన్నా, అనకొండ ఫోల్డర్‌లోని పాతది ముందు దొరికిపోతుంది. ఆ వరస తీసేసి కొత్త టెర్మినల్ తెరవడమే మందు.

అసలే లేకపోతే, అది ఏ ప్యాకేజీలో ఉంటుందో కనుక్కోవాలి. ‘ఆప్ట్ ఫైల్’ (మధ్యలో అడ్డగీత) అనే పనిముట్టు ఇన్‌స్టాల్ చేసి, దానికొకసారి అప్‌డేట్ ఇచ్చి, ‘సెర్చ్’ అని లైబ్రరీ ఫైల్ పేరు కొట్టండి. ప్యాకేజీ పేరు వస్తే ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేయడమే.

24.04లో ఒక పేచీ ఉంది. చాలా ప్యాకేజీల పేరు చివర ‘టి64’ చేరింది. లిబ్‌అసౌండ్2 కాస్తా లిబ్‌అసౌండ్2టి64, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టి64 అయ్యాయి. పాత గైడ్‌లోని కమాండ్ కాపీ చేస్తే కొన్నిటికి ‘ఇన్‌స్టాల్ చేయడానికి లేదు’ అని వస్తుంది, మనం లైబ్రరీ పోయిందనుకుంటాం. పోలేదు, పేరు మారింది. 32 బిట్ లెక్కలో సమయాన్ని దాచుకునే సిస్టమ్‌లకి 2038 జనవరి 19న అంకెలు నిండిపోతాయి. ఆ రోజుకి సిద్ధపడటానికి సమయాన్ని 64 బిట్‌లకు పెంచారు, ఆ గుర్తుగానే టి64.

యాప్‌ఇమేజ్ ఫైళ్లు (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిపే ప్రోగ్రామ్ ఫైళ్లు) వాడేవాళ్లకి లిబ్‌ఫ్యూజ్ డాట్ ఎస్ఓ డాట్ 2 లేదని వస్తుంది. 22.04లో లిబ్‌ఫ్యూజ్2, 24.04లో లిబ్‌ఫ్యూజ్2టి64 ఇన్‌స్టాల్ చేయండి. పొరపాటున ‘ఫ్యూజ్’ అని మాత్రమే కొట్టకండి. 22.04లో అది ఫ్యూజ్3ని తీసేసి, దాని మీద ఆధారపడ్డ డెస్క్‌టాప్ భాగాలను కూడా లాక్కుపోతుంది.

బయటి రిపాజిటరీల (ప్యాకేజీలు ఉంచే ఆన్‌లైన్ గోదాముల) నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ ఉంటే మరో సంగతి. ఉబుంటు వెర్షన్ మారేటప్పుడు బయటి రిపాజిటరీలన్నిటినీ ఆపేస్తుంది, తిరిగి తనంతట తాను మొదలుపెట్టదు. ‘సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్’లో ‘అదర్ సాఫ్ట్‌వేర్’ ట్యాబ్ తెరిచి, కొత్త వెర్షన్‌కి వాళ్ల రిపాజిటరీ ఉందో లేదో చూసుకుని ఆన్ చేయండి.

కొత్త వెర్షన్‌లో ఆ లైబ్రరీయే లేకపోతే

మా అబ్బాయి కేసు ఇదే. ఇక్కడ దారులు నాలుగు. నేను వెళ్లే వరసలోనే చెబుతాను.

మొదటిది, ప్రోగ్రామ్‌నే కొత్తది తెచ్చుకోవడం. తయారుచేసినవాళ్లు 24.04కి సరిపడే వెర్షన్ ఇచ్చి ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. అతని కోర్సులో వాడేది పాత వెర్షనే, మార్చడానికి లేదు.

రెండోది, ఉబుంటు సొంత ప్యాకేజీల వెబ్‌సైట్ నుంచి పాత విడుదలలోని ప్యాకేజీ ఫైల్ మాత్రం దించుకోవడం. 22.04 పేరు జామీ. ఆ పేరు కింద లిబ్‌టిన్ఫో5, లిబ్‌ఎన్‌కర్సెస్5 రెండూ దొరుకుతాయి. 64 బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ లాప్‌టాప్‌లన్నిటికీ ‘ఏఎమ్‌డీ64’ అని ఉన్న ఫైలే. రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ తర్వాత ఒక్కో ఫైల్ పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టి రెంటినీ ఒకే వరసలో ఇవ్వండి. చుక్క, స్లాష్ మరిస్తే ఆప్ట్ రిపాజిటరీల జాబితాలో వెతుకుతుంది, ఫోల్డర్‌లో చూడదు. 5, 6 వేర్వేరు పేర్లు కాబట్టి పక్కపక్కన హాయిగా ఉంటాయి. సిస్టమ్ 6 వాడుకుంటుంది, సిమ్యులేటర్ 5 వాడుకుంటుంది. పేరు మార్చి మోసం చేయడానికీ, అడిగిందే తెచ్చివ్వడానికీ ఉన్న తేడా ఇది. పన్నెండున్నరకి సిమ్యులేటర్ తెరుచుకుంది. పాత ప్రాజెక్ట్ ఒకటి నడిపించి, వచ్చిన వేవ్‌ఫామ్‌ని ముందు దాచుకున్న స్క్రీన్‌షాట్‌తో పోల్చి చూశాకే అతన్ని పడుకోమన్నాను.

ఫైల్ ఒక్కటి దించుకోవడం వేరు, పాత విడుదల రిపాజిటరీనే సిస్టమ్‌కి తగిలించడం వేరు. అతను అది కూడా చేశాడు. రెండు విడుదలల ప్యాకేజీలు కలిసిపోతే ఆప్ట్ ఎవరి మాట వినాలో తేల్చుకోలేక, ఇవాళ కాకపోతే రేపు ఏదో ఒకటి విరగ్గొడుతుంది. ఆ వరస తీసేసి మళ్లీ ఆప్ట్ అప్‌డేట్ చేశాం.

ఇక లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 సంగతి ఇంత తేలిక కాదు. 22.04 నుంచి ఉబుంటులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 మాత్రమే ఉంది. 1.1.1కి దాన్ని తయారుచేసినవాళ్లు 2023 సెప్టెంబర్ 11తో సాధారణ సపోర్ట్ ఆపేశారు. 20.04కి ఉబుంటు మామూలు సపోర్ట్ కూడా 2025 మేలో అయిపోయింది. ఇంటర్నెట్‌లో మన రహస్యాలను కాపాడే లైబ్రరీకి కొత్త రంధ్రాలు పూడ్చేవాళ్లు లేకపోతే ఎలా? ఇంటర్నెట్‌తో పనిలేని పాత ప్రోగ్రామ్‌కైతే తెచ్చిపెట్టుకోండి. వీపీఎన్, పాస్‌వర్డ్, బ్యాంకు పనులు చేసేదానికి మాత్రం వద్దు. అక్కడ ప్రోగ్రామ్‌నే మార్చాలి.

మూడో దారి కంటైనర్, అంటే మీ సిస్టమ్ లోపలే వేరుగా కట్టిన ఒక గదిలాంటిది. డాకర్ అనే కంటైనర్ సాఫ్ట్‌వేర్‌లో ఉబుంటు 20.04నో 22.04నో తెచ్చి, పాత ప్రోగ్రామ్‌ని అందులోనే నడపడం. ప్రోగ్రామ్‌కి కిటికీలు, బటన్లు ఉంటే డిస్ట్రోబాక్స్ అనే పనిముట్టు ఇంకా సులువు. ఐదారు పాత లైబ్రరీలు కావాల్సి వస్తే ఒక్కొక్కటి ఏరుకొచ్చి అతికించడం కంటే నేను దీన్నే ఎంచుకుంటాను. చెత్త పడినా ఆ గదిలోనే పడుతుంది, ఇల్లంతా పాడవదు. నాలుగోది వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ మీద బరువుగానే నడుస్తుంది.

లిబ్‌సి జోలికి మాత్రం వెళ్లకండి

‘జీలిబ్‌సి నాట్ ఫౌండ్’ అని వస్తే, కొత్త లిబ్‌సి ఫైల్ ఎక్కడి నుంచో తెచ్చి పాతదాని చోట పెట్టమని సలహా కనిపిస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 18.04 మెషీన్ మీద ఇదే చేయబోయాను. పాత లింకు తీసేసి కొత్తది పెడదామనుకున్నాను. తీసేయడం అయింది. కొత్తది పెట్టడానికి కమాండ్ కొడితే, ఆ కమాండ్‌కి కూడా లిబ్‌సియే కావాలి. ఎల్‌ఎస్ రాలేదు, సీపీ రాలేదు, సుడో రాలేదు. తెరిచి ఉన్న టెర్మినల్ ఒక్కటే మిగిలింది, అందులో ఏం కొట్టినా అదే మెసేజ్. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు పెట్టుకుని, దాన్నుంచి బూట్ చేసి, హార్డ్ డిస్క్‌ని మౌంట్ చేసి, లింకుని తిరిగి దాని చోట పెట్టాకే మెషీన్ లేచింది. టీమ్ మొత్తం వాడే మెషీన్ అది. ఆ మధ్యాహ్నం అందరి పనీ ఆగిపోయింది.

జీలిబ్‌సి కొత్తది కావాలంటే సిస్టమ్‌నే కొత్త విడుదలకి తీసుకెళ్లండి, లేదా ఆ ప్రోగ్రామ్‌ని కొత్త కంటైనర్‌లో నడపండి. మీరు రాసిన ప్రోగ్రామే అయితే, నడవాల్సిన మెషీన్లలో అన్నిటికంటే పాతదాని మీద బిల్డ్ చేయండి.

పైథాన్, విండోస్ వాడేవాళ్లకి

పైథాన్‌లో ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ వస్తే అది వేరే కథ. 22.04లో పైథాన్ 3.10, 24.04లో 3.12. పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్ట్ ప్యాకేజీలని వేరుగా ఉంచే ఫోల్డర్) 3.10 ఫోల్డర్‌లో పెట్టుకున్న ప్యాకేజీలు 3.12కి కనిపించవు. దాన్ని బాగుచేయాలని కూర్చోకండి, తీసేసి కొత్తది చేసుకుని, రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ లేదని వస్తే అది 3.12లో నిజంగానే తీసేశారు, ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్ తెచ్చుకోవాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. కొత్త లాప్‌టాప్‌కి మారినా, ఉన్నదాంట్లో విండోస్ 11ని మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసినా, వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ లేదు, ఎంఎస్‌వీసీపీ140 డీఎల్ఎల్ లేదు అని రావచ్చు. డీఎల్ఎల్ అంటే విండోస్‌లో లైబ్రరీ ఫైల్. ఆ పేరుతో వెతికితే ఒక్క డీఎల్ఎల్ ఫైల్ దించుకోమనే సైట్లు బోలెడు వస్తాయి. వాటి దగ్గరికి వెళ్లకండి, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. మైక్రోసాఫ్ట్ సొంత సైట్ నుంచి విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ తెచ్చుకోండి. 64 బిట్ విండోస్ అయినా ఎక్స్64, ఎక్స్86 రెండూ వేయండి, ఎందుకంటే పాత ప్రోగ్రామ్‌ల్లో చాలావరకు 32 బిట్‌వే.

మళ్లీ అప్‌గ్రేడ్ చేసే ముందు

మీకు అన్నం పెట్టే రెండు మూడు ప్రోగ్రామ్‌లు ఏవో ముందు రాసుకోండి. ఒక్కోదాని మీద ఎల్‌డీడీ నడిపి, వచ్చిందంతా ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచండి. పైథాన్ ప్రాజెక్టులకి పిప్ ఫ్రీజ్ (ఉన్న ప్యాకేజీల జాబితా ఇచ్చే కమాండ్) తీసి పెట్టండి. టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో సిస్టమ్‌ని ఒకసారి బయటి డిస్క్‌లోకి తీసుకోండి. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్‌కి ఒకసారి వెళ్తే డిస్క్ దొరుకుతుంది. మీ సొంత ఫైళ్లని వేరేగా కాపీ చేసుకోండి, టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్ ఫోల్డర్‌ని తీసుకోదు.

తర్వాత కొత్త విడుదల కంటైనర్‌ని తెచ్చి, ఆ రెండు మూడు ప్రోగ్రామ్‌లని అందులో నడిపి చూడండి. ఏ లైబ్రరీ తక్కువవుతుందో మీ అసలు సిస్టమ్‌ని ముట్టుకోకుండానే తెలిసిపోతుంది. ఇంటర్వ్యూకో, ప్రాజెక్ట్ చూపించడానికో ముందు రోజు అప్‌గ్రేడ్ పెట్టుకోకండి. శనివారం పొద్దున, చార్జర్ పెట్టి, పీజీ వైఫై మీద జనం లేనప్పుడు మొదలుపెట్టండి.

అయ్యాక ఒక్కో ప్రోగ్రామ్ మీద ఎల్‌డీడీ మళ్లీ నడిపి, పాత ఫైల్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. ‘నాట్ ఫౌండ్’ ఒక్కటీ ఉండకూడదు. బయటి నుంచి ఏదైనా తెచ్చిపెడితే దాని పేరు, ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ ప్రోగ్రామ్ కోసమో, తేదీతో సహా అదే ఫైల్‌లో రాయండి. ఆ ప్రోగ్రామ్ వాడటం మానేసిన రోజు ఏవి తీసేయాలో ఆ నాలుగు వరసలే చెబుతాయి.